పడిన మాను చేసే పని

అమెరికా పటంలో వాయవ్య మూలన, వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటెల్ నగరానికి పడమరగా, ఒలింపిక్ ద్వీపకల్పం ఉంది. మధ్యలో మంచుకొండలు, పడమట పసిఫిక్ మహాసముద్రం, ఆ రెండింటి మధ్య వర్షారణ్యం. ఈ ద్వీపకల్పం చుట్టూ 101వ నంబరు రహదారి తిరుగుతుంది. సియాటెల్ పరిసరాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలిసిన దారి. సెలవులు కలిసొస్తే పిల్లల్ని, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను కార్లో ఎక్కించుకుని ఒక చుట్టు తిరిగి వస్తారు.

కార్లో కూర్చుని చూస్తే అడవి ఒక దృశ్యం, సముద్రం ఇంకో దృశ్యం. దిగి నడిస్తే ఆ రెండూ ఒకే యంత్రాంగమని అర్థమవుతుంది. సియాటెల్ నుంచి దక్షిణంగా బయల్దేరి, పడమటి తీరం మీదుగా ఉత్తరానికి వెళ్లి, తూర్పు వైపు నుంచి తిరిగి వచ్చే క్రమంలో ఈ అధ్యాయం సాగుతుంది. దారి పొడుగునా మనకు ఒకటే ప్రశ్న: ఇక్కడ పడిపోయినదంతా ఏమవుతోంది? ఆకాశం నుంచి పడే వాన, కూలిన చెట్టు, గుడ్లు పెట్టి చనిపోయిన చేప, వీటిలో ఏదీ వృథాగా పోవడం లేదు. పడిన తర్వాతే వీటి అసలు పని మొదలవుతోంది.

వాన ఎవరికి, ఎండ ఎవరికి

ముందుగా వాన సంగతి. చలికాలంలో పసిఫిక్ మీదుగా తేమను మోసుకొచ్చే గాలులకు ఒలింపిక్ పర్వతాలు అడ్డు నిలుస్తాయి. గాలి కొండవాలు ఎక్కక తప్పదు. పైకి వెళ్లే కొద్దీ పీడనం తగ్గి గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించిన గాలి చల్లబడుతుంది, చల్లబడిన గాలి తన తేమను పట్టి ఉంచలేదు. అందుకే పడమటి లోయల్లో వాన ఎడతెగకుండా కురుస్తుంది. హో నది లోయలో ఏడాదికి సుమారు 350 సెంటీమీటర్ల వాన పడుతుంది.

అదే గాలి శిఖరాలు దాటి తూర్పు వాలున దిగేటప్పుడు అణిగి, వేడెక్కి, మిగిలిన తేమను తనలోనే దాచుకుంటుంది. అందువల్ల హో లోయకు నేరుగా 65 కిలోమీటర్ల దూరంలో ఉన్న సీక్విమ్ పట్టణంలో 40 సెంటీమీటర్ల వానే పడుతుంది. అక్కడ పొలాలకు కాలువ నీళ్లు పెట్టుకోవాలి.

రాయలసీమ పాఠకులకు ఈ లెక్క కొత్తది కాదు. నైరుతి రుతుపవనాల తేమను పశ్చిమ కనుమలు తమ పడమటి వాలు మీదే దింపేసుకుంటాయి. కర్ణాటకలోని ఆగుంబేలో ఏడాదికి 700 సెంటీమీటర్లకు పైగా వాన పడితే, కొండల వెనక వర్షచ్ఛాయలో ఉన్న అనంతపురానికి దక్కేది 55 సెంటీమీటర్లు. ఒలింపిక్ ద్వీపకల్పంలో ఈ రెండు లోకాలూ ఒక్క రోజు ప్రయాణంలో కనబడతాయి.

దుంగ మీద మొలిచిన అడవి

101 రహదారి మీద నుంచి తూర్పుకు మళ్లి, హో నది పక్కనే దాదాపు 30 కిలోమీటర్లు లోపలికి వెళితే అడవి మొదట్లోనే సందర్శకుల కేంద్రం ఉంటుంది. అక్కడి నుంచి ‘హాల్ ఆఫ్ మాసెస్’ అనే కాలిబాట 1.3 కిలోమీటర్ల చుట్టు. ముసలివాళ్లు కూడా నెమ్మదిగా నడవగలరు. వేసవిలో కార్లు బారులు తీరుతాయి కాబట్టి పొద్దున్నే చేరుకోవడం మేలు.

అక్కడ అందరి తలలూ పైకే ఉంటాయి. 70 మీటర్లు దాటిన సిట్కా స్ప్రూస్ చెట్లు, వాటి పక్కన వెస్టర్న్ హెమ్‌లాక్‌లు, కొమ్మకొమ్మకూ నాచు వేలాడే బిగ్‌లీఫ్ మేపుల్‌లు. కాసేపయ్యాక నేల వైపు చూడండి. మోకాటి ఎత్తున ఫెర్న్‌లు, వాటి కింద మెత్తటి నాచు. ఎక్కడా మట్టి కనబడదు. ఇంత పెద్ద చెట్ల పిల్లలు ఎక్కడున్నాయని వెతికితే నేల మీద దాదాపు దొరకవు. కూలిపోయిన ఒక పెద్ద మాను దగ్గర ఆగండి. దాని వీపు మీద వరుసగా ఉంటాయి, వేలెడంత హెమ్‌లాక్ మొలకలు, వాటి మధ్య మూరెడంత ఎదిగినవి రెండు మూడు.

హెమ్‌లాక్ విత్తనం చాలా చిన్నది. అందులో దాచుకున్న తిండి కొద్ది రోజులకే సరిపోతుంది. అది నేల మీద పడితే నాచు, ఫెర్న్‌లు, రాలిన ఆకులు కప్పేస్తాయి. వేరు మట్టిని చేరేలోపే మొలక చచ్చిపోతుంది. పడిన మాను మీద అయితే పోటీ తక్కువ, కాస్త వెలుతురు ఎక్కువ. పుచ్చుతున్న కలప నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది కాబట్టి, వానలు తగ్గే జులై, ఆగస్టు నెలల్లోనూ వేళ్లకు తడి దొరుకుతుంది. వాషింగ్టన్, ఒరెగాన్ తీరపు అడవుల్లో శాస్త్రవేత్తలు లెక్కపెట్టి చూస్తే చెట్ల మొలకల్లో నూటికి 90కి పైగా దుంగల మీదే కనబడ్డాయి. ఆ దుంగలు ఆక్రమించిన చోటు అడవి నేలలో పదో వంతు మాత్రమే. అంటే ఈ అడవికి రేపటి తరం పెరుగుతున్నది నిన్న పడిన చెట్ల మీద. ఇలాంటి మానును ఇక్కడ నర్స్‌లాగ్ అంటారు.

ఆ బాటలో ఇంకాస్త ముందుకు వెళితే మరో వింత ఎదురవుతుంది. నాలుగైదు మహావృక్షాలు ఎవరో కొలత వేసి నాటినట్టు ఒకే గీత మీద, పెళ్లిపందిరి గుంజల్లా నిలబడి ఉంటాయి. మొదళ్ల దగ్గర వేళ్లు నేలకు పైన వంపు తిరిగి, మధ్యలో మనిషి దూరేంత ఖాళీ ఉంటుంది. ఒకప్పుడు ఆ ఖాళీ నిండా ఒక దుంగ ఉండేది. దాని మీద మొలిచిన పిల్లలు రెండు పక్కల నుంచీ వేళ్లను నేలలోకి దింపాయి. వందల ఏళ్లలో దుంగ పూర్తిగా కరిగి మట్టయింది. వేళ్ల వంపు మాత్రం అది ఎంత లావు మానో ఇప్పటికీ చూపిస్తుంది.

బతికున్న చెట్టు మానులో అధిక భాగం మృత కణజాలమే. బెరడు కింది పలుచని పొరలోనూ, దాని లోపలి మెత్తటి కలపలో కొన్ని కణాల్లోనూ జీవం ఉంటుంది, చేవలో ఉండదు. పుచ్చుతున్న దుంగలో అయితే లోపలి దాకా శిలీంధ్రాల పోగులు అల్లుకుంటాయి. బాక్టీరియా చేరి గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. చీమలు తొలిచిన సందుల్లో సాలమాండర్లు కాపురం పెడతాయి. మొత్తం మీద చూస్తే నిలబడి ఉన్న మానులో కంటే పడి ఉన్న మానులోనే బతికున్న పదార్థం పాలు ఎక్కువ.

ఇదంతా పూర్తికావడానికి ఎంతకాలం పడుతుందో తెలుసుకోవాలని 1985లో మార్క్ హార్మన్ అనే శాస్త్రవేత్త పొరుగు రాష్ట్రం ఒరెగాన్‌లోని హెచ్.జె. ఆండ్రూస్ ప్రయోగ అడవిలో 500కు పైగా దుంగల్ని పరిచి ఒక ప్రయోగం మొదలుపెట్టారు. దాని గడువు 200 ఏళ్లు. మొదలుపెట్టినవాళ్లలో ఎవరూ దాని ముగింపు చూడరని తెలిసే మొదలుపెట్టారు. కలప పుచ్చడాన్ని ఇంత ఓపికగా చదవడానికి పూనుకున్నవాళ్లు ఉన్నారంటే నాకు సైన్స్ మీద గౌరవం రెట్టింపవుతుంది.

నేలకు చేరని మట్టి

మేపుల్ కొమ్మల మీది నాచుకు వేళ్లు లేవు. అది వానలోని, మంచుపొగలోని తేమను, దుమ్మును ఒంటితోనే పీల్చుకుంటుంది, చెట్టు రసం తాగదు. పై నుంచి రాలే ఆకులు, పుల్లలు ఆ నాచులో చిక్కుకుని అక్కడే కుళ్లుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ కొమ్మల మీద జానెడు దాకా మట్టి పేరుకుంటుంది.

తాళ్లతో ఈ చెట్లెక్కి ఆ నాచు పొరను ఎత్తి చూసిన పరిశోధకురాలు నళినీ నాడ్కర్ణి. ఆమె తండ్రి భారతదేశం నుంచి అమెరికా వెళ్లినవారు. ఆ మట్టిలో ఆమెకు వేళ్లు కనబడ్డాయి. వెంబడి వెళ్లి చూస్తే అవి పరాయి మొక్కలవి కావు, ఆ మేపుల్ చెట్టువే. చెట్టు తన కొమ్మల నుంచే వేళ్లు పుట్టించి, తన భుజాల మీద పేరుకున్న మట్టిని తానే తింటోంది. 1981లో ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి వెలువడింది. ఒక మేపుల్ మీద బతికే నాచు, ఫెర్న్‌ల బరువు ఆ చెట్టు సొంత ఆకుల బరువుకు దాదాపు నాలుగు రెట్లు ఉంటుందనీ ఆమె కొలిచి చూపారు. చెట్టుకు అది బరువే, కానీ ఆ బరువులోనే దాని తిండి కూడా ఉంది.

సముద్రం చెట్టులోకి ఎలా వచ్చింది

హాల్ ఆఫ్ మాసెస్ పక్కనే స్ప్రూస్ బాట ఉంది. అది హో నది ఒడ్డు దాకా తీసుకెళుతుంది. నీరు పాలు కలిపినట్టు తెల్లగా, కాస్త నీలంగా కనబడుతుంది. అది మురికి కాదు. మౌంట్ ఒలింపస్ మీది హిమానీనదాలు రాతిని అరగదీయగా వచ్చిన సన్నటి పొడి.

శరదృతువులో ఈ నదుల్లోకి సాల్మన్ చేపలు ఎదురీదుకుంటూ వస్తాయి. మంచినీటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగి వస్తాయి. చినూక్, కోహో వంటి పసిఫిక్ సాల్మన్‌లు గుడ్లు పెట్టాక చనిపోతాయి. వాటి ఒంట్లో ఉన్నదంతా దాదాపు సముద్రపు తిండే. ఎలుగుబంట్లు, గద్దలు, నీటికుక్కలు ఆ కళేబరాల్ని ఒడ్డుకు ఈడ్చుకెళ్లి తింటాయి. మిగిలింది మట్టిలో కలుస్తుంది.

ఆ ఎరువు చెట్టుకు చేరిందని చెప్పడానికి ఆధారం నత్రజనిలోనే ఉంది. నత్రజని పరమాణువుల్లో కొన్ని కాస్త బరువైనవి, వీటిని నత్రజని-15 అంటారు. సముద్రంలో పెరిగిన చేపలో వీటి పాలు ఎక్కువ. సాల్మన్ వచ్చే నదుల ఒడ్డున ఉన్న చెట్ల ఆకుల్లో ఈ బరువు నత్రజని ఎక్కువగా కనబడితే, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది. అలాస్కా ఆగ్నేయ తీరంలో జేమ్స్ హెల్ఫీల్డ్, రాబర్ట్ నైమన్ ఇలాగే కొలిచి, 2001లో ఫలితం ప్రకటించారు. చేపల నది ఒడ్డున ఉన్న చెట్ల ఆకుల్లోని నత్రజనిలో దాదాపు పావు వంతు సముద్రం నుంచి వచ్చిందేనని తేలింది. అక్కడి సిట్కా స్ప్రూస్‌లు త్వరగా కూడా పెరుగుతున్నాయి.

ఇక్కడ మళ్లీ పడిన మాను రంగంలోకి వస్తుంది. ఒడ్డు కోసుకుపోయి నదిలో కూలిన పెద్ద చెట్టు ప్రవాహాన్ని మళ్లిస్తుంది. దాని కింద లోతైన మడుగు తయారవుతుంది. చేపపిల్లలు వరదకు కొట్టుకుపోకుండా అందులో తలదాచుకుంటాయి. దాని వెనక గుడ్లు పెట్టడానికి కావలసిన గులకరాళ్లు నిలుస్తాయి. చనిపోయిన చేపలు సముద్రానికి తిరిగి కొట్టుకుపోకుండా ఆ కొమ్మల్లోనే చిక్కుకుంటాయని ఈ ద్వీపకల్పపు వాగుల్లో 1980ల్లో జరిగిన పరిశీలనలు చూపించాయి. చేప చెట్టును పెంచుతుంది, పెరిగి కూలిన చెట్టు చేపను పెంచుతుంది.

తీరంలో దుంగలు

నది వరదలకు అన్ని మానులూ నిలవవు. కొన్ని సముద్రంలోకి పోయి, తుపాను అలలకు తిరిగి ఒడ్డుకు వస్తాయి. క్విలియూట్ నది కలిసే చోట ఉన్న రియాల్టో తీరంలో కారు దిగిన కొద్ది అడుగులకే అవి అడ్డం పడతాయి. ఎండకు, ఉప్పుకు బెరడంతా ఊడి, వెండి రంగుకు తిరిగిన మానులు ఒకదాని మీద ఒకటి గుట్టలుగా పడి ఉంటాయి. కొన్నింటి పక్కన నిలబడితే మన తల వాటి పైకి కనబడదు. వీటి వెనక గాలికి ఇసుక పోగవుతుంది, ఆ ఇసుకలో గడ్డి పట్టుకుంటుంది, ఒడ్డు నిలదొక్కుకుంటుంది.

అక్కడి నుంచి ఉత్తరంగా రెండున్నర కిలోమీటర్లు నడిస్తే ‘హోల్ ఇన్ ద వాల్’ అనే రాతి కన్నం వస్తుంది. దారిలో సముద్రంలో నిలువు రాతి స్తంభాలు కనబడతాయి. మెత్తటి రాయిని అలలు తినేయగా మిగిలిన గట్టి భాగాలివి. కొన్నింటి నెత్తిన ఇంకా స్ప్రూస్ చెట్లు ఉన్నాయి, ఒకప్పుడు తీరం అక్కడి దాకా ఉండేదని చెబుతూ.

ఈ నడకకు బయల్దేరే ముందు పోటు, పాటు వేళల పట్టిక చూసుకోవడం తప్పనిసరి. ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు వస్తాయి, కానీ రెండూ సమానంగా ఉండవు. నీటి ఎత్తులో తేడా విశాఖ తీరంలో కంటే చాలా ఎక్కువ. పాటు సమయంలో సులువుగా చుట్టి వెళ్లిన కొండకొమ్మును తిరిగి వచ్చేసరికి సముద్రం మూసేయవచ్చు. పోటు మీద ఉన్నప్పుడు దుంగల మీద ఎక్కనే కూడదు. ఎన్నో టన్నుల మాను కూడా మోకాటి లోతు నీటికే తేలి దొర్లుతుంది. దానికింద పడి చనిపోయినవాళ్లు ఉన్నారు. అందుకే తీరంలో హెచ్చరిక పలకలు పెట్టారు.

అలలు విసిరిన ఆ దుంగల దెబ్బకు కూడా ఒక ఫలితం ఉంది. పాల్ డేటన్ అనే జీవశాస్త్రవేత్త వాషింగ్టన్ తీరపు రాళ్ల మీద దాన్ని చదివి 1971లో ప్రచురించారు. దుంగ వచ్చి గుద్దిన చోట ఆల్చిప్పల పొర ఊడి రాయి బయటపడుతుంది. ఆ ఖాళీలో వేరే జీవులకు చోటు దొరుకుతుంది. ఆయన గురువు రాబర్ట్ పెయిన్ అప్పటికే ఇదే తీరంలో, మకా తెగ ప్రజల భూభాగంలోని మకా బే దగ్గర, ఒక ప్రసిద్ధ ప్రయోగం చేసి ఉన్నారు. 1963 నుంచి ఒక రాతి పట్టీ మీద ఊదారంగు సముద్ర నక్షత్రాల్ని ఏరి దూరంగా విసిరేస్తూ వచ్చారు. ఆ నక్షత్రాలు ఆల్చిప్పల్ని తింటాయి. అవి లేకపోయేసరికి ఆల్చిప్పలు విజృంభించి రాయిని ఆక్రమించాయి. 15 జాతులున్న చోట 8 మిగిలాయి. 1969లో ఆయన ఇలాంటి ప్రాణుల్ని కీస్టోన్ జాతులు అన్నారు. ఈ రోజు ప్రపంచమంతా వాడుతున్న మాట అది.

చచ్చిన చెట్లు సాక్ష్యం కూడా చెబుతాయి. రియాల్టోకు దక్షిణాన కొపాలిస్ నది ముఖద్వారంలో ఎండిన ఎర్ర దేవదారుల మోళ్లు ఉప్పుబురదలో నిలబడి ఉన్నాయి. బ్రయాన్ ఆట్‌వాటర్, డేవిడ్ యమగూచి తదితరులు వాటి వేళ్ల వలయాలు లెక్కించి, ఆ చెట్లు 1699 చివరి వలయం తర్వాత, 1700 వసంతానికి ముందే చనిపోయాయని తేల్చారు. ఒక మహాభూకంపానికి నేల ఒక్కసారిగా కుంగి, ఉప్పునీరు వేళ్లను ముంచేసింది. దాని సునామీ జపాన్ దాకా వెళ్లింది. అక్కడి రాతప్రతులతో సరిపోల్చితే తేదీ కూడా దొరికింది: 1700 జనవరి 26. ఆ భూకంప తీవ్రత సుమారు 9. ఈ తీరం కింద సముద్రపు ఫలకం ఇంకా ఖండం కిందికి జారుతూనే ఉంది. అందుకే లాపుష్ గ్రామంలోని క్విలియూట్ తెగవారు ఎత్తయిన నేలకు తరలుతున్నారు. దానికోసం 2012లో జాతీయ పార్కు భూమిని కొంత చట్టం చేసి వారికి ఇచ్చారు.

తెంచిన గొలుసు, కలిపిన గొలుసు

తిరుగు దారిలో పోర్ట్ ఏంజెలెస్ పట్టణానికి కాస్త ముందు ఎల్వా నది వస్తుంది. ఇక్కడ ఈ గొలుసును మనుషులు వందేళ్ల పాటు తెంచి ఉంచారు. 1913లో సముద్రానికి 8 కిలోమీటర్ల ఎగువన ఒక ఆనకట్ట, 1927లో ఇంకా ఎగువన గ్లైన్స్ కాన్యన్ దగ్గర 64 మీటర్ల ఎత్తున మరొకటి కట్టారు. వాటిలో చేపలు ఎక్కే మెట్లు పెట్టలేదు. సాల్మన్ మొదటి గోడ దగ్గరే ఆగిపోయింది. పై నుంచి రావలసిన ఇసుక, గులకరాళ్లు, దుంగలు జలాశయాల్లో ఇరుక్కుపోయాయి. నదీముఖాన ఇసుక నిలవక తీరం కోసుకుపోయి, రాళ్లు మిగిలాయి. ఆ నది మీద, చేప మీద బతికిన లోయర్ ఎల్వా క్లాలమ్ తెగ ప్రజలు తమ జీవనాధారాన్ని పోగొట్టుకున్నారు.

ఆ ఆనకట్టల్ని తీసేయమని వారు తరతరాలుగా అడిగారు. 1992లో దానికి చట్టం వచ్చింది. 2011లో ఆనకట్టల్ని కూల్చడం మొదలై 2014కు పూర్తయింది. మొదటి కొన్నేళ్లలోనే దాదాపు 2 కోట్ల టన్నుల మట్టి, ఇసుక నది వెంట దిగింది. నదీముఖం దగ్గర కొత్త ఇసుక తీరం సముద్రంలోకి పెరిగింది. చేపలు ఎగువకు ఎక్కాయి. 2023లో ఆ తెగవారు ఎల్వాలో మళ్లీ పరిమితంగా కోహో చేపలు పట్టారు.

ఆనకట్టలు కూల్చడానికి పదేళ్ల ముందు నుంచే తెగవారు నది దిగువన ఇంకో పని చేస్తూ వచ్చారు. పెద్ద పెద్ద మానుల్ని వేళ్లతో సహా తెచ్చి, లెక్క ప్రకారం అల్లి, నదిలో గుట్టలుగా దింపారు. ఒకప్పుడు ఈ ప్రాంతపు నదుల నుంచి దుంగల్ని యంత్రాలతో ఏరి పారేయించారు. చేపల దారికి అవి అడ్డమని 1950లు, 60ల్లో అధికారులు నమ్మేవారు. ఆ ఏరివేతకు డబ్బు ఖర్చయింది, వాటిని తిరిగి పెట్టడానికి అంతకంటే ఎక్కువ ఖర్చవుతోంది. పెట్టిన చోట మడుగులు ఏర్పడ్డాయి, గులకరాళ్లు నిలిచాయి, ఆల్డర్ చెట్ల మొలకలు పట్టుకున్నాయి.

కూలిన చెట్టు అడవికి చెత్త అనుకోవడం చాలా పాత అలవాటు. దాన్ని మానుకోవడానికి పుస్తకాల కంటే ఈ దారిలో రెండు రోజుల నడక ఎక్కువ ఉపయోగపడుతుంది. హో బాటలో పుచ్చిన దుంగ మీద పిల్లల్ని ఎక్కనివ్వకండి. వాళ్లు కాలు పెట్టిన చోట ఎదుగుతున్నది రానున్న 500 ఏళ్ల అడవి. ఆ మొలకల్ని వాళ్ల చేతే లెక్కపెట్టించండి. రియాల్టోలో నాచు లేని మానును చూపి, ఇది ఏ లోయలో పుట్టి, ఏ నది దిగి వచ్చి ఉంటుందో ఊహించమనండి. ఎల్వా దగ్గర ఆ దుంగల గుట్టల్ని చూపించి, ఇవి మనుషులు తప్పు దిద్దుకుని తిరిగి పెట్టినవని చెప్పండి.